ఎండు కాలువలో రేపల్లె బండి

వీడియో గేములు పిల్లల్ని పాడుచేస్తాయని మా అబ్బాయి అంటాడు. నేను ఒప్పుకోను. వాడు రోజూ పొద్దున్నే తెనాలి నుంచి బాపట్లకు రైల్లో ఉద్యోగానికి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తాడు. కిటికీ పక్కన సీటు దొరికినా పేపర్లో తల దూర్చి కూర్చుంటాడు. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతూ తన బండిని లాగేది ఏ ఇంజనో చెప్పలేని మనిషి, పిల్లల బుర్రల గురించి నాకు పాఠం చెబుతాడు.

నేను బడికి వెళ్ళింది తక్కువ. అక్షరాలు బడిలో దిద్దినా, చదవడం నేర్చుకున్నది పకోడీ పొట్లాల కాగితాల మీద, ఎవరో పారేసిన రైల్వే టైంటేబుళ్ళ మీద. లారీ క్లీనరుగా తిరుగుతూ డ్రైవింగు నేర్చుకున్నాను. జుట్టు నెరిసేదాకా టాక్సీ తోలాను. ఇప్పటికీ వీధి చివర కారు మలుపు తిరిగితే, అది అంబాసిడరో, ఈ కొత్త బుల్లి కార్లలో ఒకటో మంచం మీద నుంచి లేవకుండా, చప్పుడు విని చెబుతాను. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మనవడి ఆట నాకు ఇష్టమే, దాంట్లో తప్పులున్నా. టీవీకి తగిలించి, క్యాసెట్టు గుచ్చి ఆడే కారు పందెం అది. ఆ కారు ఎంత మలుపులోనూ వేగం తగ్గించదు. గుద్దుకుని పేలిపోయి, మరుక్షణం కొత్త కారై నిలబడుతుంది. "అట్లా తోలితే రేపల్లె రోడ్డులో మొదటి మలుపుకే కాలవలో తేలతావురా" అంటాను. "ఇది గేమ్ తాతయ్యా" అంటాడు. "గేమయితే మరి బ్రేకెందుకు పెట్టారు?" అంటాను. వాడు క్యాసెట్టు తీసి, ఊది, మళ్ళీ గుచ్చుతాడు.

ఆ గేముకు మొదట రెండు రిమోట్లు ఉండేవి. ఒకటి పాడైపోయింది. మిగిలిన ఒక్కదానితో ఇద్దరు ఆడాలంటే, అవుటైనవాడు రెండోవాడి చేతికి అందించాలి. మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం మనవడూ, వాడి క్లాసు పిల్లాడొకడూ చాప మీద కూర్చుని అట్లాగే ఆడుతున్నారు. నేను కుర్చీలో కూర్చుని బ్రేకులు గుర్తుచేస్తున్నాను. రేపల్లె నుంచి మా అక్క వచ్చి ఉంది, ఎప్పటిలాగే సున్నుండల డబ్బాతో.

"ఎవరబ్బాయివి బాబూ?" అని అడిగింది అక్క.

"చర్చి పక్క సందండి మాది. నాన్నగారు హైస్కూల్లో సారండి" అన్నాడు ఆ పిల్లాడు, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

అక్క తల ఊపింది. కాసేపటికి మనవడి కారు పేలింది. వాడు రిమోట్ తీసి స్నేహితుడికి అందించబోయాడు. అప్పుడు అక్క మెత్తగా, నవ్వుతూనే అంది:

"చేతికివ్వకు నాన్నా. కింద పెట్టు, వాడు తీసుకుంటాడు."

మనవడికి ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్లాడికి అయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు. దాని మీద మురికి లేదు. నేను చూశాను.

గొంతు మా అక్కది. మాట మా నాయనమ్మది, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆ మాట నేను చివరిసారి విన్నది ఎండిపోయిన ఒక కాలువలో, అప్పుడు నాకు ఆ పిల్లాడి వయసు.

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె పోయే లైను మీద, స్టేషన్‌కు కేక వినిపించేంత దూరంలో ఉండేది. ఊరికి గడియారం ఆ బండే. పొద్దుటి బండి పోయాక పిల్లలకు చద్దన్నం పెట్టేవాళ్ళు. "బండి పోయిందా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు, టైమెంతైందని కాదు. మా నాయనమ్మకు మాత్రం బండంటే పడేది కాదు. గాలి ఇటు తిరిగిందంటే ఇంజను మసి వచ్చి దాబా మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల మీద పడేది. "ఇనప దయ్యం, మళ్ళీ ఊదింది" అని తిట్టుకుంటూ, మసి దులిపి, వడియాలు డబ్బాకెత్తేది. అవి మేం తినేవాళ్ళం. ఆ బొగ్గు కొలిమిలో వేసిన చెయ్యి ఎవరిదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఈ సంగతి నాకు తరవాత చాలాసార్లు తట్టింది.

ఎండాకాలం కాలువ కట్టేసేవాళ్ళు. లాకుల దగ్గర నీళ్ళు ఆపేస్తే, ఊరి పక్క పంటకాలువ నాలుగు రోజుల్లో అడుగు తేలేది. నెర్రెలిచ్చిన ఒండ్రు, ఎండిన నాచు వాసన, కాళ్ళకింద నత్తగుల్లలు చిటపటలు. పొడుగ్గా, తిన్నగా, రెండువైపులా గట్లతో, ఒక్క బండి పట్టేంత వెడల్పు. రైలు లైను కావడానికి ఇంకేం కావాలి? పైగా కాలువకు ఇవతల మా వీధి, అవతల చర్చి గంట ఉన్న పేట. గట్టు మీదైతే ఎవరి గట్టు వాళ్ళది. కాలువ అడుగు మాత్రం ఎవరిదీ కాదు. అందుకే అక్కడ అందరం కలిసేవాళ్ళం.

పేట నుంచి వచ్చే పిల్లల్లో ఒకడు నా ప్రాణస్నేహితుడు. వాళ్ళ మామ లైను మీద గ్యాంగు కూలీ. పట్టాల కింద కంకర సర్దే పని. అందువల్ల వాడికి రైల్వే రూళ్ళన్నీ తెలుసు, తెలియనివి తనే కల్పించేవాడు. వాణ్ని మేం స్టేషన్ మాస్టర్ని చేశాం. ఇప్పటికీ వాడు నాకు మాస్టరే, పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. నేను డ్రైవర్ని. మా బాబాయి కొడుకు గార్డు. మిగతా పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటే పెట్టెలు. మా అక్క తెనాలి జంక్షన్లో ప్లాట్‌ఫారం మీద టిఫిన్ అమ్మేది, అంటే రేగిపళ్ళ వడియాలూ, వేపిన వేరుశనక్కాయలూ. మొహానికి పూసుకోవడానికి పట్టాల పక్క రాలిన బొగ్గు ఏరుకొచ్చేవాళ్ళం. ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలకు పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ గట్టు మీద వచ్చేవాళ్ళు చిన్నపిల్లలు. అవి కార్లు. రైలు పోయేదాకా గేటు దగ్గర ఆగాలి వాళ్ళు. ఆగకపోతే మాస్టరు ఊరుకునేవాడు కాదు.

అసలైన సంగతి టోకెను. ఒకటే లైను మీద ఎదురెదురు బండ్లు గుద్దుకోకుండా, స్టేషన్ మాస్టరు డ్రైవరుకు బెత్తపు రింగు ఒకటి ఇచ్చేవాడు ఆ రోజుల్లో. దానికి వేలాడే తోలు సంచిలో ఒక ఇనప గుండు. అది చేతిలో ఉంటేనే ముందున్న దారి నీది. మాకూ ఉండేది రింగు, పాత గంప అంచు వంచి చేసింది. సంచి మా అక్క తన చిరిగిన జాకెట్టు గుడ్డతో కుట్టింది. అందులో గుండుకు బదులు గోళీకాయ. రింగు లేకుండా ఎవరూ అడుగు వెయ్యకూడదు. మా గార్డు ఒకసారి దొడ్డికి వెళ్ళాలన్నా, "లైన్ క్లియర్ రాలేదు, ఆగు" అన్నాడు మాస్టరు. వాడు ఏడ్చాడు. అయినా ఆగాడు. రూలంటే అదీ.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ వడియాల చాట పట్టుకుని గట్టు మీదుగా పోతూ ఆగింది. నేను కూత వేసుకుంటూ స్టేషన్లోకి వస్తున్నాను. మాస్టరు రింగు ఎత్తి పట్టుకున్నాడు. పరిగెడుతూనే అందులో చెయ్యి దూర్చి లాక్కున్నాను. నా మోచేతికీ వాడి వేళ్ళకూ మధ్య జానెడు గాలి కూడా లేదు.

"ఒరేయ్, చేతికివ్వకురా" అంది నాయనమ్మ. గట్టిగా కాదు. మాస్టరుతో, పద్ధతి చెబుతున్నట్టు. "కింద పెట్టు, వాడు తీసుకుంటాడు. ఆడుకోండి, వద్దనట్లేదు."

అదీ విషయం. ఆట మానమంటే తిట్టుకునేవాళ్ళం, ఎదురుతిరిగేవాళ్ళం. ఆవిడ మానమనలేదు. ఒక్క చిన్న సవరణ అడిగింది. రాత్రి భోజనాల దగ్గర బాబాయి దానికి రైల్వే ఆమోదం కూడా తెచ్చిపెట్టాడు. బాబాయి ఇంగ్లీషు పేపరు చదివే మనిషి, ఏదైనా వాదించగలడు.

"అసలు రైలోడు మాత్రం ఏం చేస్తాడ్రా? రింగు ప్లాట్‌ఫారం మీదకి విసిరేసి పోతాడు. అది కిందేగా పడేది? అమ్మ చెప్పింది రూలు ప్రకారమే ఉంది."

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే విసిరెయ్యడం నిజమే. నేను కళ్ళారా చూశాను, బాపట్లలో. అంతకుముందు ఒకసారి ఇంటిల్లిపాదీ సముద్రస్నానానికని బాపట్ల వెళ్ళాం. నేను సముద్రం వద్దు, స్టేషన్లో ఉంటానన్నాను. నాన్న రెండు అంటించినా కదల్లేదు. చివరికి ఈ బాబాయినే కాపలా పెట్టి వాళ్ళు వెళ్ళారు. ఆయన బెంచీ మీద నిద్రపోయాడు. అప్పుడు మెయిలొచ్చింది, ఆగని మెయిలు. ప్లాట్‌ఫారం కాళ్ళకింద వణికింది. ఇంజను మీద మనిషి పాత రింగు కిందకి విసిరాడు. అది దొర్లుకుంటూ వచ్చి గోడకు కొట్టుకుంది. మరుక్షణం చెయ్యి బయటికి వంచి, స్తంభంలా నిలబడ్డ పోర్టరు చేతుల్లోంచి కొత్త రింగు మోచేతికి తొడుక్కుని పోయాడు. ఇంత వేడిగాలి, బొగ్గు వాసన, నూనె వాసన.

మర్నాడు కాలువలో అందరి ముందూ చెప్పాను. "విసిరేది అయిపోయిన దారి రింగు. అది ఎక్కడ పడితే ఏంటి? రాబోయే దారి రింగు మాత్రం చేతిలోంచే తీసుకోవాలి. కింద పెడితే ఇంజను వంగి తీసుకుంటదా?"

"ఎందుకురా గొడవ, మా అమ్మ నన్ను తంతది" అన్నాడు మా గార్డు.

"పోనీలేరా" అన్నాడు మాస్టరు కూడా. అందరికంటే వాడే ముందు అన్నాడు, నేల చూస్తూ. "కింద పెడతా. నువ్వు తీసుకో. మాకలవాటేలే."

ఆ చివరి మాట వాడు అనకుండా ఉంటే నేను లొంగేవాణ్నేమో తెలియదు. అన్నాడు. నేను స్టేషన్ బయట, సిగ్నల్ కర్ర దగ్గర, నెర్రెల నేల మీద కూర్చున్నాను. "ఈ బండి కదలదు" అన్నాను.

పెట్టెలన్నీ నా వెనక కూర్చున్నాయి. ఎండ నెత్తి మీదకొచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటే ఊడి ఇళ్ళకు పోయాయి. ముంజబుర్రల కార్లు గేటు దగ్గర చూసి చూసి వెనక్కి తిరిగాయి. మాస్టరు మాత్రం పోలేదు. రింగు పట్టుకుని తన చోటే నిలబడ్డాడు. "అన్నానికి రారా" అని ఇంటి నుంచి కబురొచ్చింది. పోలేదు. నాన్న గట్టు మీదకొచ్చి చూసి, "ఎండదెబ్బ తగిల్తే వాడే వస్తాడు" అని వెళ్ళిపోయాడు.

చివరికి నాయనమ్మే దిగింది. ఆవిడ కాలువలోకి దిగడం అదే మొదలు. చేతిలో గిన్నె, వెనక చెంబుతో మా అక్క. గిన్నెలో కొత్తావకాయ, వెన్న వేసి కలిపిన వేడన్నం. ఆ వాసన గట్టు దిగకముందే నా దగ్గరికొచ్చింది. నాయనమ్మ ఎప్పుడూ నాకు చేత్తో ముద్దలు పెట్టేది, అంత ఎదిగినా. ఆవిడకు అదొక సంబరం.

ఎదురుగా గొంతుక్కూర్చుని ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టింది. "తినరా నా తండ్రి. పంతం తరవాత పడుదువుగాని."

"చేత్తో పెట్టకు నాయనమ్మా" అన్నాను. "కింద పెట్టు. నేను తీసుకుంటాను."

నేను ముందుగా అనుకుని అన్నమాట కాదది. ఆకలే నా చేత అనిపించింది. ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఆవకాయ నూనె మణికట్టు దాకా కారింది.

"నేనూ వాడూ ఒకటేనంట్రా నీకు?" అంది.

"ఏమో. ఇద్దరూ చేత్తోనే ఇస్తారు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ముద్ద గిన్నెలో వేసి, గిన్నె అక్క చేతిలో పెట్టి, "నువ్వు పెట్టు" అని గట్టెక్కి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. మా అక్క అప్పటికి నాకంటే బెత్తెడే పొడుగు. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. తరవాత మాస్టరు వైపు తిరిగి, జంక్షన్లో టిఫిన్ అమ్మే గొంతుతో అంది:

"ఇటు రా మాస్టరూ. చెయ్యి పట్టు."

వాడు చెయ్యి తుడుచుకుని పట్టాడు. మొదటి ముద్ద వాడి చేతిలో పెట్టింది. రెండోది నాకు. తరవాత ఒకటి వాడికి, ఒకటి నాకు, గిన్నె ఖాళీ అయ్యేదాకా. తినని అక్కతో సహా ముగ్గురికీ కళ్ళనీళ్ళు. అది కారమే అని ముగ్గురం చెప్పుకున్నాం.

ఇంట్లో ఎవరూ సరే అనలేదు. వద్దనీ అనలేదు. నాయనమ్మ వడియాల చాటతో వేరే దారిన వెళ్ళేది. మా రేపల్లె బండి మళ్ళీ నడిచింది, చేతిలోంచి చేతిలోకి, నీళ్ళొచ్చేదాకా.

నీళ్ళు సాయంత్రం పూట వచ్చాయి. ఎండుటాకులూ నురగా తోసుకుంటూ, నాలిక చాపినట్టు, నెర్రెల్లోకి గుటగుట దిగుతూ. మేం ముందు పరిగెత్తి గట్టెక్కేశాం. మాస్టరు మాత్రం చివరిదాకా నిలబడి, నీళ్ళు కాళ్ళను తాకాక రింగు ఎత్తి, వాటి మీద వదిలాడు. "మెయిలురా ఇది, ఆగదు" అన్నాడు. మా అక్క కుట్టిన గుడ్డ సంచి కాసేపు తేలుతూ కనిపించింది.

వాడు పెద్దయ్యాక నిజంగానే రైల్వేలో చేరాడు, పోర్టరుగా, ఆ లైను మీదే. నేను ఒకసారి రేపల్లె పోతూ కిటికీలోంచి చూశాను. ప్లాట్‌ఫారం చివర, రింగు రెండు చేతులా ఎత్తి, మెడ తిప్పకుండా నిలబడ్డాడు. ఇంజను మీద మనిషి ఎవరో, ఏ ఇంటివాడో, చెయ్యి వంచి అందుకున్నాడు. నేను పేరు తెలియనట్టే "మాస్టరూ" అని అరిచాను. వాడు నవ్వింది కనిపించింది. ఇప్పుడు వాడు లేడు. ఆ బొగ్గింజనూ లేదు, డీజిలు లాగుతోంది. ఆ కాలువకు సిమెంటు గోడలు కట్టారు, ఎండినా పిల్లలు దిగరు.

ఇదంతా నా తలలో తిరుగుతుంటే ఇక్కడ టీవీలో కారు ఒంటరిగా గోడను గుద్దుకుంటూ ఉంది. మనవడు రిమోట్ చాప మీద పెట్టాడు, పెద్దవాళ్ళ మాట వినే పిల్లాడు కాబట్టి. రెండోవాడు దాన్ని తీసుకోలేదు. "ఇంటికెళ్తానండి" అని లేవబోయాడు.

"కూర్చో" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆ రిమోట్ తీసి వాడి చేతికివ్వరా. చేతికి."

మనవడు ఇచ్చాడు. అక్క సున్నుండల డబ్బా మూత తీసి, ఒకటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది, నేను చల్లబడతానని. నెయ్యి వాసన, వేపిన మినుముల వాసన. "తిను. ఊరికే కోపం నీకు" అని నా నోటి దగ్గరికి చాపింది.

"కింద పెట్టక్కా" అన్నాను. "నేను తీసుకుంటాను."

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. నా మొహంలోకి చూసింది. గుర్తొచ్చిందని నాకు తెలిసింది, ఎందుకంటే ఆవిడ కళ్ళు నా మీద నుంచి తన చేతి మీదకు మళ్ళాయి.

"ఇంకా ఆ కాలవలోనే కూర్చున్నావట్రా నువ్వు?"

"కూర్చున్నా. నువ్వెప్పుడు గట్టెక్కావక్కా?"

అక్క మోకాళ్ళు పట్టుకుంటూ చాప దగ్గరికి నడిచింది. ఆ పిల్లాడి ముందు వంగింది.

"చెయ్యి పట్టు బాబూ."

వాడు నా వైపు చూశాడు. తరవాత రిమోట్ ఒళ్ళో పెట్టుకుని చెయ్యి పట్టాడు. అక్క సున్నుండ అందులో పెట్టి, వాడి వేళ్ళు తన వేళ్ళతో మూసింది. ఇంకొకటి మనవడికిచ్చింది. మూడోది తెచ్చి, నా కుర్చీ పక్కన గచ్చు మీద, ఒక చిన్న పళ్ళెంలో పెట్టింది.

"నీది అక్కడుంది. అడిగావుగా, తీసుకో" అని వంటింట్లోకి పోయింది.

ఆ రోజు కాలువలో నాయనమ్మ ముద్ద కింద పెట్టలేదు. పెట్టి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియకుండా పోయింది. ఇన్నేళ్ళకు అక్క పెట్టింది. కుర్చీలోంచి వంగాను. నడుము ఒప్పుకోలేదు. ఒక చెయ్యి నేలకు ఆనించి, తల దించి, తీసుకున్నాను. అంత వంగాలి. మాకలవాటేలే, అన్నాడు మాస్టరు.